అన్ని గళ్ళకీ ఒకటే రూలు

పొద్దున్నే కూతురికి రెండు జడలు వేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అందరికంటే ముందు ఆఫీసులో ఉండాలనుకున్నాడు నిదానం. అది అతని అసలు పేరు కాదు. వాషింగ్ మెషిన్లు అమ్మే కంపెనీలో ఫిర్యాదులు వినే పని అతనిది. ఎంత మండిపడుతూ ఫోన్ చేసినవాళ్ళయినా సరే, అతను ఒక మాట పూర్తి చేసేసరికి వాళ్ళ కోపం చల్లారిపోయేది. అందుకని ఆ పేరు పడింది.

"ఇవాళ ఓనరుగారు వస్తున్నారు," అన్నాడు జడ అల్లుతూ. "బోర్డు మీద... ఎర్రగడి ఉన్నవాళ్ళని... గోడౌన్‌కి మారుస్తారట."

"మీకెందుకొస్తుంది ఎరుపు? కంప్లైంట్లన్నీ తగ్గించేశారుగా," అంది భార్య. "అయినా ఆ బోర్డు చేసింది మా తమ్ముడు. వాడి పనికి వంక పెట్టేవాళ్ళు లేరు."

గోడౌన్ ఊరికి ఆ చివర ఎక్కడో ఉంది. తెల్లారకముందే బస్సెక్కాలి. అప్పటికి పిల్ల నిద్ర కూడా లేవదు. మరి జడలు? వాళ్ళమ్మకి అల్లడం చేతకాదు. ఆ ఆలోచనకి అతని వేళ్ళు బిగుసుకున్నాయి.

"నాన్నా, లాగకు," అంది పిల్ల.

ఆ బోర్డంటే ఆఫీసులో గోడ మీద కొత్తగా పెట్టిన పెద్ద తెర. పనికొక గడి. అమ్మకాల గడి పచ్చగా ఉంది. రిపేర్ల గడి పచ్చగా ఉంది. సరుకే పంపని గోడౌన్ గడి ఎర్రగా ఉంది, అది సరే. కానీ ఫిర్యాదుల గడి కూడా పండుమిరపకాయలా ఎర్రగా ఉంది. నిదానం కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఎరుపు ఎరుపుగానే ఉంది. బావమరిదికి ఫోన్ చేశాడు.

"ఒరే... నా గడి... ఎర్రగా ఉందేంట్రా?"

"అంకె తక్కువుంటే ఎరుపు, ఎక్కువుంటే పచ్చ. అన్ని గళ్ళకీ ఒకటే రూలు పెట్టా బావా. చూడ్డానికి నీటుగా ఉంటుందని."

"కంప్లైంట్లు... తక్కువుంటేనే కదరా... మంచిది?"

"అవును కదా," అన్నాడు బావమరిది. "వచ్చి మార్చేస్తాలే. దార్లో బండి పంచరైంది. నువ్వేం కంగారుపడకు." ఫోన్ ఆగిపోయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు.

ఓనరు వచ్చే వేళ దగ్గరపడుతోంది. బండి పంచరైనవాణ్ణి నమ్ముకుని కూర్చుంటే రేపు చీకట్లో బస్సెక్కాల్సిందే. నిదానం పాత కొనుగోలుదార్లకి వరసపెట్టి ఫోన్లు కలిపాడు.

"అమ్మా... మీ మెషిన్... చప్పుడేమన్నా చేస్తోందా?"

"లేదండీ, బంగారంలా తిరుగుతోంది."

"కాస్త... చెవి పెట్టి వినండమ్మా."

ఒక్కరూ వంక పెట్టలేదు. ఇన్నాళ్ళూ అందరినీ సముదాయించిన మనిషికి, ఒక్కరికి కోపం తెప్పించడం చేతకాలేదు. చివరికి ఇంటికి ఫోన్ చేశాడు. భార్య సంగతంతా విని, "ఇంతేనా? నాకొదిలేయండి," అంది.

కాసేపటికి ఆఫీసులో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగసాగాయి. పెద్దత్త, చిన్నత్త, పిన్ని కూతురు, వాళ్ళ పక్కింటావిడ. నీళ్ళు పోవడం లేదన్నారు, బట్టలు పీలికలవుతున్నాయన్నారు. ఫిర్యాదుల గడి పసుపుపచ్చకి తిరిగింది. తర్వాత నిండుగా పచ్చబడింది. నిదానం ఊపిరి పీల్చుకున్నాడు. కింద ఓనరు కారు ఆగిన చప్పుడు వినిపించింది.

అప్పుడే వెనక మెట్ల మీంచి చెమటలు కక్కుతూ బావమరిది వచ్చి కంప్యూటర్ ముందు కూలబడ్డాడు.

"ఒరే..." అన్నాడు నిదానం. "ఇప్పుడు... అది... మార్చ..."

"మార్చేస్తున్నా బావా, ఒక్క క్షణం."

"...వద్దురా," అని నిదానం మాట పూర్తి చేసేసరికి బావమరిది వేలు నొక్కనే నొక్కింది.

"రూలు తిరగేశా. ఒక్కో గడికీ విడిగా పెట్టే టైము లేదు, అన్నింటికీ పెట్టేశా."

తెర మొత్తం భగ్గుమంది. బాగా అమ్మినవాళ్ళు ఎరుపు. బాగా రిపేర్లు చేసినవాళ్ళు ఎరుపు. ఫిర్యాదుల గడి అన్నింటినీ మించిన ఎరుపు. ఒక్క గోడౌన్ గడి మాత్రం లేత చిగురులా కళకళలాడుతోంది. అక్కడి గుమాస్తా పెట్టెల మీద పడి నిద్రపోతాడు. ఆ నెలలో సరుకు పంపిందే లేదు.

ఓనరు గుమ్మంలో నిలబడి తెరని చూశాడు. ఆఫీసులో ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. ఆయన నిదానం బల్ల మీద మోగుతున్న ఫోన్ ఎత్తాడు.

"మీ మెషిన్ బొత్తిగా బాలేదు నాయనా," అంది అవతల ఒక ముసలావిడ.

"ఎప్పుడు కొన్నారమ్మా?"

"కొనలేదు. అయినా బాలేదు."

ఓనరు ఫోన్ నెమ్మదిగా పెట్టేశాడు. "కొననివాళ్ళు కూడా తిడుతున్నారంటే ఇక చెప్పేదేముంది? అందర్నీ పంపిస్తే ఇక్కడ దీపం పెట్టేవాళ్ళుండరు. నువ్వొక్కడివి రేపట్నుంచి గోడౌన్‌కెళ్ళు. ఆ గుమాస్తాని ఈ కుర్చీలో కూర్చోబెడతా."

"అయ్యా... అసలు... సంగతేంటంటే..." అన్నాడు నిదానం. సంగతేంటో చెప్పేసరికి ఓనరు కారు వీధి మలుపు తిరిగింది.

మర్నాడు నిదానం చీకట్లో బస్సెక్కాడు. మేనకోడలి జడల పని మేనమామ నెత్తిన పడింది. వాళ్ళక్క దువ్వెన చేతిలో పెట్టి, పక్కనే నిలబడి చూసింది. వంక పెట్టడానికి ఆమెకి నోరు రాలేదు.

పిల్ల ఆ రోజు బడికి రెండు జడలూ కుడివైపే వేసుకుని వెళ్ళింది.