రాబోయే మోటారుసైకిలు గురించి స్వారీదారుల తీర్మానాలు

బళ్ళారి జిల్లా దూరప్రయాణ మోటారుసైకిలు స్వారీదారుల సంఘం వారు ఈ అరవై ఒకటో సంవత్సరం దసరాకు ముందర కంటోన్మెంటులో మహాసభ జరిపి, మన దేశంలో రాబోయే మోటారుసైకిలు ఏ విధంగా ఉండాలో తీర్మానించారని ప్రజలకు తెలియజేయడమైనది. ప్రజలెవరూ అడగలేదు. అయినా తెలియజేయడమైనది.

సంగతేమంటే, జయధ్వజ మోటారు కంపెనీ వారు దూరప్రయాణాలకు పనికివచ్చే కొత్త బండి ఒకటి తయారు చేయబోతున్నారు. చేసిన తర్వాత తిట్లు తినడం కంటే ముందే తిని కూర్చుంటే మేలనుకున్నారో ఏమో, జిల్లా జిల్లాకూ ఒక ప్రతినిధిని పంపి, స్వారీ చేసేవాళ్ళకు ఏమేమి కావాలో అడిగి రమ్మన్నారు. మన జిల్లాకు వచ్చిన పెద్దమనిషి మెడకు టై కట్టుకుని, బళ్ళారి ఉక్కలో కూడా దాన్ని విప్పలేదు. ఆ ఒక్కటి చూసే మనవాళ్ళకు కంపెనీ మీద గురి కుదిరింది.

సంఘం గురించి రెండు మాటలు చెప్పాలి. ఇందులో చేరాలంటే మోటారుసైకిలు ఉండాలి. నడపడం రావాలన్న నిబంధన లేదు. అలాంటిది పెడదామని ఒకప్పుడు ఎవరో అన్నారు గాని, పెడితే అధ్యక్షుడు కూడా మిగలడని తేలి మానుకున్నారు. కాబట్టి మహాసభ రోజున సభ్యులు లోపల పంకాల కింద కూర్చున్నారు. బండ్లు నడిపి వాళ్ళను తెచ్చినవాళ్ళు బయట గోడ నీడన బండ్లు తుడుస్తూ నిలబడ్డారు. స్వారీ చేసేవాళ్ళ అభిప్రాయం తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏ దేశంలోనూ ఉండబోదు.

అధ్యక్షుడు నారపరెడ్డి. కురుగోడు పక్క పల్లె ఆయనది. కాలువ కింద మాగాణి, కాలువ పైన మెట్ట, కాలువ నీళ్ళు ఎవరి చేలోకి పోవాలో చెప్పే నోరు, మూడూ ఆయనవే. ఆయన బండెక్కే పద్ధతి జిల్లాకే ఆదర్శం కనుక వివరిస్తాను. బండి నడిపేవాడు హొన్నప్ప. పల్లె బయట హొన్నప్ప ముందు కూర్చుంటాడు, రెడ్డి వెనక కూర్చుంటాడు, ఇద్దరి నడుమ మడతపెట్టిన కంబళి కూర్చుంటుంది. అయితే ఊళ్ళో జనం చూస్తుండగా రెడ్డి అంతటివాడు హొన్నప్ప వీపు వెనక కూర్చుంటే ఏం బాగుంటుంది? అందుకని పొలిమేరలో హొన్నప్ప దిగుతాడు. ముందు సీటు మీద జంపఖానా పరుస్తాడు. రెడ్డి ముందుకు జరిగి హ్యాండిలు పట్టుకుంటాడు. ఇంజను ఆపరు, గేరు వేయరు. హొన్నప్ప వెనకనుంచి పొగ మింగుతూ పెద్దవీధి పొడుగునా బండిని తోస్తాడు.

ఆ చప్పుడు వినగానే పెద్దవీధి అరుగుల మీద ఉన్నవాళ్ళంతా, రెడ్డి దాయాదులతో సహా, లేచి తల వంచి చేతులు జోడిస్తారు. తల ఎత్తి చూడడం మర్యాద కాదు. చప్పుడు దూరమయ్యాకే మళ్ళీ కూర్చుంటారు. రెడ్డి తండ్రి కాలంలో గుర్రం గజ్జెలకు లేచేవారు, ఇప్పుడు పెట్రోలు చప్పుడుకు లేస్తున్నారు. యంత్రయుగం మన పల్లెల్లోకి ఈ విధంగా ప్రవేశించింది.

ఇక హొన్నప్ప లాంటివాళ్ళు పెద్దవీధిలోకి దేని మీద వచ్చినా, సైకిలైనా గాడిదైనా, దిగి నడిపించుకుంటూ పోవాలి. ఇది ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే ఎవడో ఒకడు గీత పెట్టి కొట్టేస్తాడని రాయలేదు.

సభ మొదలైంది. కార్యదర్శి వకీలు ఉచ్చెంగెప్ప లేచి ఉపన్యసించారు: "మహాశయులారా, మనిషి ఆకాశానికెక్కి భూమి చుట్టూ తిరిగి వచ్చిన ఈ సంవత్సరంలో బళ్ళారి స్వారీదారుడు వెనకబడి ఉండడం దేశానికే తలవంపు. మనం ముందు కూర్చోవాలి." ముందు కూర్చోవాలన్న మాటకు చప్పట్లు చాలాసేపు మోగాయి.

మొదటి కోరిక అధ్యక్షులదే. "యజమాని సీటు ముందరుండల్ల, జానెడు ఎత్తుండల్ల. నడిపేటోడు యెనక తగ్గులో కూకోవల్ల. హ్యాండిలు కడ్డీలు వానిదాకా పొడుగు సెయ్యండి, యినుముకేం కరువు."

ప్రతినిధి వినయంగా అడిగాడు. "అయ్యా, అప్పుడు నడిపేవాడికి దారి కనబడదు కదా."

"దారి యాడికి పోతాదప్పా? నిన్న ఉన్యకాడే ఈ పొద్దూ ఉండాది. వాడు కొత్తగా సూసేదేముండాది?"

ప్రతినిధి రాసుకున్నాడు.

వేగం గురించి ఏకాభిప్రాయం కుదరలేదు. చూసేవాళ్ళు దండం పెట్టే వ్యవధి ఉండేలా మెల్లగా పోవాలని కొందరన్నారు. పక్క ఊరి వాని బండి కంటే వేగంగా పోవాలని మరికొందరన్నారు. పక్క ఊరివాళ్ళు కూడా అదే సభలో ఉండి అదే మాట అనడం వల్ల, అన్ని బండ్లూ ఒకదానికంటే ఒకటి వేగంగా పోవాలని తీర్మానించారు. కంపెనీ వారు ఇంజనీర్లను సంప్రదిస్తామన్నారు.

హారను చర్చతో మధ్యాహ్నం భోజనం ఆలస్యమైంది. బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరిపోయింది కనుక హారను కన్నడంలో మోగాలని సభలో సగంమంది పట్టుబట్టారు. రాష్ట్రం ఏదైనా నోరు మాది కనుక తెలుగులోనే మోగాలని తక్కిన సగం లేచింది. ప్రతినిధి నమూనాగా తెచ్చిన హారను ఒకసారి నొక్కి వినిపించాడు. ఇది రెండూ కాదు, అరవ భాష అని రెండు పక్షాలూ ఒక్కటై అరిచాయి. సంఘం పుట్టిన తర్వాత అందరూ ఏకమైన సందర్భం అదొక్కటే. చివరకు, పోయేటప్పుడు ఒక భాషలో, వచ్చేటప్పుడు ఒక భాషలో మోగాలని రాజీ అయింది. తమలపాకుల పెట్టె, తుపాకీ తగిలించే కొక్కెం, ఉమ్మే గిన్నె చర్చ లేకుండానే ఆమోదం పొందాయి.

అప్పుడు ప్రతినిధి, ఇంతకీ సభ్యులు ఎంత దూరం ప్రయాణాలు చేస్తుంటారని అడిగాడు. బళ్ళారి ఊళ్ళోనే సత్యనారాయణపేట నుంచి కంటోన్మెంటు దాకా రోజూ వస్తానని ఒకాయన చెప్పాడు. తుమకూరు పోదామని బయలుదేరి, దారిలో మామగారి ఊరు తగిలి, ఆగి, పండక్కి కూడా ఉండిపోయి తిరిగి వచ్చానని ఇంకొకాయన చెప్పాడు. దాయాది చేను గట్టు మీదుగా పలకరించకుండా పోవడమే దూరప్రయాణమని సంఘం నిర్వచనం ఇచ్చింది.

ఈ సమయంలో హొన్నప్ప వాకిట్లోకి వచ్చి, గడప బయటే నిలబడ్డాడు. తుడిచే గుడ్డ చేతిలోనే ఉంది.

"సామీ, నాదొకటుండాది," అన్నాడు ప్రతినిధితో.

"చెప్పవయ్యా, నీకేం కావాలి?"

"ఇప్పుడుండే బండే సాలు సామీ. దాని యెనక సీటు ఒక్క దినం కావల్ల. నా పెండ్లాం సుంకలమ్మకు నెలలు నిండినాయి. మొదటి కాన్పుకు ఎద్దుల బండ్లో బళ్ళారికి తెస్తాంటే దావలోనే బిడ్డ పోయినాది. ఈతూరి బిడ్డ అడ్డంగుండాదని మంత్రసాని దుర్గక్క సెప్తాంది. పెద్దాసుపత్రికి పోకుంటే యిద్దరూ దక్కరంట. వంక పొంగి వంతెన కూలినాది, బస్సు రాదు. కాలువ గట్టు మింద మోటారుసైకిలు పోతాది."

ఉచ్చెంగెప్ప చట్టం చెప్పారు. "ఆయ్తప్పా, సరే, విన్నాము. కానీ ఈ సభ స్వారీదారుల కోసరం. నువ్వు స్వారీదారుడివి కాదు. బండి నడిపేటోడివి, అంతే."

నారపరెడ్డి కఠినాత్ముడు కాదు. ఆయన జాలిగా అన్నాడు: "నాకేం అడ్డం లేదురా. కానీ ఆ సీటు మింద మీ ఆడమనిషి కూకున్యాక, మళ్ళా నేను యాడ కూకోవల్ల? నువ్వే సెప్పు."

"కడుగుతా సామీ."

"సీటు రెగ్జిను తడిస్తే పాడయితాది."

ఈ సమస్య సభను కదిలించింది. మానవత్వం ఒకవైపు, రెగ్జిను ఒకవైపు. చాలాసేపు ఆలోచించి, రాబోయే బండికి వెనక సీటు ఊడదీసి మరొకటి బిగించుకునే వీలు ఉండాలనీ, ఆ బండి వచ్చిన వెంటనే హొన్నప్ప విన్నపాన్ని సానుభూతితో పరిశీలించాలనీ తీర్మానించారు. పేదల కోసం ఒక యంత్రంలో మార్పు కోరడం జిల్లాలో ఇదే మొదలని ఉచ్చెంగెప్ప ప్రకటించారు.

"ఆ బండి యెప్పుడొస్తాది సామీ?" అన్నాడు హొన్నప్ప.

"ప్రభుత్వం వారు అనుమతిస్తే నాలుగైదేండ్లకు," అన్నాడు ప్రతినిధి.

"అంతదాకా ఆపుకోమని సెప్పేదా మా యమ్మికి?"

"ఇది పంచవర్ష ప్రణాళికల కాలమప్పా," అన్నారు ఉచ్చెంగెప్ప. "అందరూ ఓపిక పట్టాల్సిందే."

సుంకలమ్మ ప్రణాళికను పాటించలేదు. మహాసభ జరిగిన వారానికే, నారపరెడ్డి భోంచేసి అరుగు మీద కునుకు తీస్తున్న వేళ, ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. దుర్గక్క చెయ్యి పెట్టి చూసి, "ఇంగ నా సేతల్లేదు. పోండి," అంది. హొన్నప్ప ఊరి బయట ఉన్న రెడ్డి కొట్టంలోనుంచి బండిని బయటికి తీశాడు. దుర్గక్క సుంకలమ్మను వెనక కూర్చోబెట్టి, జారిపోకుండా పాత చీరతో ఇద్దరినీ కలిపి కట్టింది. నడుమ కంబళి పెట్టడం ఎవరికీ గుర్తు రాలేదు.

కాలువ గట్టు చేరాలంటే పెద్దవీధి ఒక్కటే దారి. వీధి మొదట్లో హొన్నప్ప కాలు దానంతట అదే బ్రేకు మీద పడింది.

"యాల ఆపుతాండావు?" అంది సుంకలమ్మ.

"పెద్దవీధి గదా. దిగల్ల."

"నువ్వు దిగితే నేనూ దిగుతా. దిగితే ఈ అరుగు మిందనే కంటా. ఇంగ ఆ బిడ్డను వీళ్ళే యెత్తుకోని కడగల్ల. ఇష్టమా?"

హొన్నప్ప కాలు తీశాడు.

బండి చప్పుడు వీధిలో మోగింది. అరుగుల మీది జనం లేచారు. తలలు వంచారు. చేతులు జోడించారు. రెడ్డి చిన్నాయన లేచాడు, రెడ్డి బావమరది లేచాడు, నడుము పట్టేసి నెల రోజులుగా మంచం దిగని కరణం కూడా లేచాడు. అన్నిటికంటే ముఖ్యంగా నారపరెడ్డి లేచాడు. తన బండి చప్పుడు ఎప్పుడూ దాని మీద కూర్చునే విన్నాడు గాని, ఎదురుగా ఉండి విని ఎరుగడు. ఎవరో తనకంటే పెద్దవాడు వస్తున్నాడనుకుని, నిద్రకళ్ళతో తల వంచి రెండు చేతులూ జోడించాడు.

సుంకలమ్మ పుట్టి బుద్ధి ఎరిగినప్పటినుంచి ఆ వీధివాళ్ళ కాళ్ళనే చూసింది. పైనుంచి చూడడం ఇదే మొదలు. పళ్ళు బిగబట్టి నొప్పి ఓర్చుకుంటూనే మొగుని చెవిలో అంది: "ఓయ్, సూడు. అందరికీ నడినెత్తిన బట్టతలే."

పెద్దాసుపత్రిలో కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. సంఘం వారి నివేదికలో ఈ విషయం లేదు కనుక ఇక్కడ రాయవలసి వచ్చింది.

బండి వెనకాలే నడిచి వచ్చిన దుర్గక్క వీధిలో జరిగినదంతా చూసింది. చూసింది చెప్పకుండా ఉండడం ఆమెకు అలవాటు లేదు. సాయంత్రానికి కురుగోడు దాకా పాకింది. సంఘం అత్యవసరంగా సమావేశమైంది. హొన్నప్ప బండి తీసుకుపోవడం నేరమా అన్న చర్చ తొందరగానే ముగిసింది, ఎందుకంటే అతన్ని తీసేస్తే అధ్యక్షుణ్ణి సభకు తెచ్చేవాడు లేడు. అసలు బాధ దండాలది. పెద్దవీధి పెట్టిన దండాలు హొన్నప్ప దగ్గర ఉండిపోయాయి. వాటిని వెనక్కి రాబట్టడం ఎట్లా?

హొన్నప్పను పిలిచి అడిగారు.

"యిచ్చేస్తా సామీ," అన్నాడు అతను. "నాకెందుకవి. యెవురు పెట్టినారో వాళ్ళు వరసగా వస్తే, యెవురిది వాళ్ళకు తిరిగి పెట్టేస్తా."

ఒక్కరూ ముందుకు రాలేదు. వస్తే పెట్టినట్టు ఒప్పుకున్నట్టే కదా. అధ్యక్షులు పైకప్పు వైపు చూశారు. కనుక ఆ రోజు పెద్దవీధిలో ఎవరూ లేవలేదనీ, ఎవరూ దండం పెట్టలేదనీ ఏకగ్రీవంగా తీర్మానించారు. కరణం నడుము మళ్ళీ పట్టేసింది.

అయితే రేపు మళ్ళీ ఇలా జరగకుండా చూడవద్దా? అందుకని పాత కోరికలన్నీ పక్కన పెట్టి, సంఘం కంపెనీకి ఒకే ఒక్క కోరిక పంపింది. ఎత్తు సీటు వద్దు, రెండు భాషల హారను వద్దు, ఉమ్మే గిన్నె కూడా వద్దు. రాబోయే మోటారుసైకిలుకు ముందు భాగాన ఒక దీపం కావాలి. ఎక్కినవాడు ఏ కులంవాడో, చూసేవాళ్ళు లేవాలో కూర్చోవాలో, ఆ దీపం దూరం నుంచే రంగు మార్చి చెప్పాలి.

టై కట్టుకున్న ప్రతినిధి మళ్ళీ బళ్ళారి వచ్చాడు. "అయ్యా, సీటు మీద బరువు పడితే ఎంత పడిందో చెప్పే ఏర్పాటు చేయగలం. కూర్చున్నది ఎవరో ఇనుముకు తెలియదు," అన్నాడు.

ఉచ్చెంగెప్ప నవ్వారు. "మాకు తెలుస్తాది గదప్పా. సూడకుండానే తెలుస్తాది. మీ ఇనుముకెందుకు తెలీదు? మీ ఇంజనీర్లు ఇంకా నేర్సుకోవల్ల."

నేర్చుకుంటామనే కంపెనీ వారు చెప్పారు. ఎవరి దగ్గర నేర్చుకోవాలో తెలియక ఆగి ఉన్నారట. ఆ విషయంలో నేను కొంత సాయం చేయదలచాను. హొన్నప్పది ఏ కులమో ఈ కథలో ఎక్కడా రాయలేదు. అయినా మీరు పొలిమేర దగ్గర ఒకసారి, కంబళి దగ్గర ఒకసారి, రెగ్జిను దగ్గర ఒకసారి లెక్క చూసుకుని, ఎవరినీ అడగకుండానే తేల్చేసుకున్నారు. ఏ వైరూ లేదు, బ్యాటరీ లేదు, పెట్రోలు చుక్క ఖర్చు కాలేదు. మీ చిరునామా ఇవ్వండి, కంపెనీ వారికి పంపుతాను. ఇంజనీర్లు మీ ఇంటికే వచ్చి చూసి పోతారు.