చెట్టుకు చెప్పిన పేరు

దియాంగా మాష్టారు ఆ ఉదయం ఒకే ఒక్క పని పెట్టుకున్నారు. ఊరు లేవకముందే కొండెక్కి, ప్రొస్టేటు వాపుకు వాడే చెట్టు బెరడు తెచ్చుకోవాలి. రిటైరైన హెడ్మాస్టరు గంటకు రెండుసార్లు దొడ్డివైపు పరుగెడుతున్నాడన్న గుట్టు రట్టయితే కోమ్ కొండల్లో తలెత్తుకోవడం కష్టం.

బెరడు తీసే పనివాడు తోహ్, చెట్టు దగ్గర కత్తి పట్టుకుని ఆగాడు. “ఎవరికోసమో చెట్టుకు గట్టిగా చెప్పాలి మాష్టారూ. పేరు చెప్పందే నేను కత్తి పెట్టను.”

పక్కన జ్వరం మందు కోసం వచ్చినవాళ్ళు ఇద్దరున్నారు. మాష్టారు గొంతు సవరించుకుని తన ప్రాణస్నేహితుడి పేరు చెప్పారు. “బోచోంగ్ కోసం. పాపం, చాలా అవస్థ పడుతున్నాడు.”

మధ్యాహ్నానికల్లా బోచోంగ్ ఇంటికి ఆడవాళ్ళు మొక్కజొన్న సంకటీ, ఆకుకూరా మోసుకొచ్చారు. అతని భార్య ఏడ్చింది. అంతటితో ఆగితే బాగుండేది. ఆ వారమే అతనికి రాజుగారి కొలువులో పెద్దల పీట ఇవ్వాలి. తొమ్మిదేళ్ళుగా ఆ పీట కోసమే బతుకుతున్నాడు. కొలువులో రాజుగారు కొమ్ముపాత్రలో కల్లు తాగి, ఆ కొమ్ము కింద పెట్టేదాకా ఎవరూ లేవకూడదు.

“మధ్యలో లేచేవాడికి పీట ఎట్లా ఇస్తాం?” అన్నారు పెద్దలు. “నిబ్బరమైన మనిషి కావాలి. మాష్టారికి ఇద్దాం.”

బోచోంగ్ వచ్చి మాష్టారి చెయ్యి పట్టుకున్నాడు. “నాకే రోగమూ లేదంటే ఒక్కడూ నమ్మడంలేదురా. పోనీలే, పీట నీకేగా వచ్చింది. పరాయివాడికి పోలేదు.”

మాష్టారు సిగ్గుతో చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

కొలువు మొదలైంది. రాజుగారు నిదానంగా తాగే మనిషి. అరగంటయింది, ముప్పావుగంటయింది. పీట మీద మాష్టారు పళ్ళు బిగబట్టి, వెనక వరుసలో తలవంచుకు కూర్చున్న స్నేహితుణ్ణి చూశారు. చూసి లేచి నిలబడ్డారు.

“క్షమించండి. ఆ జబ్బు నాది. పరువుకు భయపడి వాడి పేరు చెప్పాను. పీట వాడిది,” అని గుమ్మం దాటి దొడ్డివైపు నడిచారు.

ముందు వరుసలో ఒక పెద్దాయన మెల్లగా లేచాడు. “మాష్టారు ఒక్కరే వెళ్తున్నారు. తోడు వెళ్ళొస్తాను.” ఆయనకు తోడుగా ఇంకొకరు లేచారు, ఆ తర్వాత మరో నలుగురు. రాజుగారు వాళ్ళందరినీ చూసి, కొమ్ము కింద పెట్టి, తానూ గబగబా లేచి దొడ్డిదారి పట్టారు.

కొలువులో రోగి బోచోంగ్ ఒక్కడే కదలకుండా కూర్చున్నాడు.