జంటల దీవికి జనమంతా

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి గానీ, ఇద్దరు పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడానికి చోటు మాత్రం లేదు.

చెట్టు కింద కూర్చుంటే పైనుంచి కోతి తొంగిచూసేది. పొదచాటుకి వెళితే అక్కడ అప్పటికే కుందేళ్ళ సంసారం కాపురముండేది. వాగు ఒడ్డుకి పోతే అడవిదున్న తాతగారు "నువ్వెవరి పిల్లవే?" అని మొదలుపెట్టి, చీకటి పడేదాకా వరసలు కలుపుతూ కూర్చునేవాడు.

ఆ అడవిలో జెముడు అనే ముళ్ళపందికి మొగలి అనే ముళ్ళపందితో ఎండాకాలంలో పెళ్ళయింది. పీటల మీద ఉండగా జెముడు కాస్త పక్కకి వంగి, "మొగలీ, నిన్ను మొదటిసారి చూడగానే నాకు..." అన్నాడు.

అంతలో జెముడి మేనత్త పల్లేరమ్మ మధ్యలో తల దూర్చింది. "అబ్బాయ్, కబుర్లు తర్వాత చెప్పుకుందువు గాని, ముందు తలంబ్రాలు పొయ్యి" అంది.

ఆ 'తర్వాత' మరి రాలేదు. బొరియ ఒకటే, అందులో తాతలు, పెదనాన్నలు, పినతండ్రులు, వాళ్ళ పిల్లలు, చుట్టపుచూపుగా వచ్చి వెళ్ళడం మరిచిపోయిన ఓ బాబాయి. జెముడు "నిన్ను మొదటిసారి చూడగానే" అనేసరికి ఎవరో ఒకరు "ఏం చూశావురా?" అంటూ వచ్చేసేవాళ్ళు.

వానాకాలం వచ్చింది, వెళ్ళింది. ఆ వాక్యం మాత్రం అక్కడే ఆగిపోయింది. మొగలికి నిద్ర పట్టేది కాదు. చూడగానే ఏమైంది? గుండె ఆగిందా? ఒళ్ళు మరిచాడా? లేక కడుపులో నొప్పొచ్చిందా? ఏదో ఒకటి తెలిస్తే చాలు, తెలియకపోతే పిచ్చెక్కేలా ఉందనుకునేది.

అలాంటి రోజుల్లో సముద్రం మీద తిరిగొచ్చిన కొంగ ఓ కబురు మోసుకొచ్చింది. దాని గొంతులో ఎప్పుడూ తేనె కారుతుంటుంది.

"నడిసముద్రంలో ఓ దీవి ఉందమ్మా. తెల్లటి ఇసక, నీళ్ళ మీదకి వంగిన కొబ్బరిచెట్లు, వెన్నెల పడితే వెండి పోత పోసినట్టుంటుంది" అంది.

"అక్కడ ఎవరుంటారు?" అని అడిగింది మొగలి.

"ఎవరూ ఉండరు."

"ఎవ్వరూనా?"

"పీత కూడా పలకరించదు."

మొగలి కళ్ళు చెమర్చాయి. ఇంత అందమైన మాట పుట్టి బుద్ధెరిగాక వినలేదు.

మర్నాడే అడవి పరిషత్తుకి వెళ్ళి దణ్ణం పెట్టింది. "అయ్యా, కొత్తగా పెళ్ళయిన జంటల్ని ఒక్క వారం ఆ దీవికి పంపించండి. జన్మలో ఇంకేమీ అడగం" అంది.

పరిషత్తుకి అధ్యక్షులు సింహంగారు. ఆయన ఆవులించి, "బాగుంది. ఈ ఆలోచన నాకెప్పుడో వచ్చింది" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. అప్పటికప్పుడే దానికి 'సింహంగారి జంటల విహార వారం' అని పేరు కూడా పెట్టేశారు.

నక్క ఆ పరిషత్తుకి కార్యదర్శి. ప్రేమ వ్యవహారం తేలిగ్గా తీసుకోకూడదని ఒక ఉపసంఘం వేయించి, దాన్ని ఎలుగుబంటి చేతిలో పెట్టింది. ఎలుగుబంటి పెళ్ళి చేసుకోలేదు. దాన్నెవరూ అడగనూ లేదు. "అనుభవం ఉన్నవాళ్ళయితే పక్షపాతం చూపిస్తారు" అని నక్క సమాధానం చెప్పుకుంది.

ఉపసంఘం ముందు కొంగ తన్మయంగా కళ్ళు మూసుకుని కార్యక్రమం వినిపించింది. "మొదటి సాయంత్రం ఇద్దరూ ఒడ్డున కూర్చుని సూర్యాస్తమయం చూస్తారు. ఆ తర్వాత మిణుగురుల వెలుగులో భోజనం. మర్నాడు ఆలస్యంగా లేస్తారు."

"ఆలస్యంగా అంటే ఎంతకి?" అంది ఎలుగుబంటి.

"ఎంతకైనా."

"అలా వదిలేస్తే రేపు ఎవరు జవాబుదారీ? సరే, కానీ."

"ఇద్దరూ ఇసకలో నడుస్తారు. ఇద్దరూ ఒకే కొబ్బరిబొండంలో నీళ్ళు తాగుతారు. సాయంత్రం ఇద్దరూ మళ్ళీ..."

"ఎంతసేపూ ఇద్దరూ ఇద్దరూ అంటావేమయ్యా! మూడోవాడు లేకపోతే తగువొచ్చినప్పుడు తీర్చేదెవరు?"

ఉపసంఘమంతా తలలూపింది. ఇంత ముఖ్యమైన సంగతి కొంగకి తట్టనందుకు జాలి కూడా పడింది.

కబురు బొరియ దాకా పాకింది. పల్లేరమ్మ ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని పరిషత్తుకి వచ్చేసింది. "పెళ్ళయి ఏడాది తిరగలేదు. అడవి కాని అడవికి కుర్రకుంకల్ని ఒంటరిగా పంపుతారా? పెద్దతోడు లేకుండా మా వంశంలో ఎవరూ గుమ్మం దాటలేదు!"

"ఒంటరిగా కాదత్తా, ఇద్దరం కదా వెళ్తున్నాం" అన్నాడు జెముడు.

"ఇద్దరే అంటే ఒంటరే కదరా" అంది పల్లేరమ్మ.

అబ్బాయి తరపున పల్లేరమ్మకి దీవికెళ్ళే తెప్ప మీద చోటు ఖాయమైంది. అబ్బాయి తరపు వెళ్ళి అమ్మాయి తరపు వెళ్ళకపోతే లోకం ఏమనుకుంటుందని మొగలి పినతల్లి లేచింది. లోకమనేదే లేని దీవి అది అని కొంగ అనబోయింది గానీ, దాని మాట ఎవరు వింటారు? ఇంతమందికి వంటలెవరు చేస్తారని వంటవాళ్ళు లేచారు. వంటలు రుచి చూడకుండా ఎలా అని కోతులు లేచాయి. ప్రారంభోత్సవం తాము చేయకపోతే ఎవరు చేస్తారని సింహంగారు లేచారు. వారితో సింహరాణిగారు, రాణిగారి తమ్ముడు.

"మరి ఇది జంటలకి మాత్రమే కదండీ" అంది మొగలి.

"అయ్యో, ఆ మాట అలాగే ఉంచుదామమ్మా. తీసేస్తే పథకం స్ఫూర్తి దెబ్బతింటుంది" అంది నక్క. "కాకపోతే జంట అంటే ఇద్దరే అనుకోవడం సంకుచితం. జంట అంటే ఆ ఇద్దరి మేలు కోరేవాళ్ళందరూ. మేలు కోరేవాళ్ళు చేతులెత్తండి."

చెయ్యెత్తని ప్రాణి లేదు. చేతుల్లేని పాము తోక ఎత్తింది.

"పోనీలెండి" అంది మొగలి ఆ రాత్రి జెముడితో గుసగుసగా. "దీవి పెద్దదట. ఏదో ఓ మూల దొరక్కపోదు. ఆ మాటేదో అక్కడ చెబుదురు గాని."

"ఏ మాటే?" అంది చీకట్లోంచి పినమామగారి గొంతు.

బయల్దేరే రోజు రానే వచ్చింది. మొగలి తన ముళ్ళకి నూరు వరహాల పూలు గుచ్చుకుంది. ముళ్ళు ఇందుకైనా పనికొచ్చాయని మురిసిపోయింది. ఒడ్డున పెద్ద వెదురు తెప్ప, దాన్ని లాగడానికి సముద్రపు తాబేళ్ళు సిద్ధంగా ఉన్నాయి.

తెప్ప మీదికి ముందు చాపలెక్కాయి. వాటి వెనక ఊరగాయ జాడీలు, తేనెపట్లు, సింహంగారి వేదిక, వేదిక మీద వేసే ఇంకో చిన్న వేదిక. పెళ్ళికెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళారని సామెత చెబుతారు. ఇక్కడ అడవిపిల్లి ఎవరూ ఎత్తుకోకుండానే తనంతట తనే ఎక్కింది, వెనకాల దాని మరిది కూడా ఎక్కాడు.

తాబేళ్ళు లాగాయి. తెప్ప కదల్లేదు. మళ్ళీ లాగాయి. తెప్ప కదలకపోగా ఓ మూల మునిగి, ఊరగాయలోకి ఉప్పునీళ్ళు వచ్చాయి.

"బరువెక్కువైంది. కొందరు దిగాలి" అంది పెద్ద తాబేలు.

తెప్ప మీదున్న ప్రతివాళ్ళూ పక్కవాళ్ళకేసి చూశారు.

"నేను దిగితే ప్రారంభోత్సవం?" అన్నారు సింహంగారు.

"నేను దిగితే పర్యవేక్షణ?" అంది ఎలుగుబంటి.

"నేను దిగితే ఈ పిల్లలకి తోడెవరు?" అంది పల్లేరమ్మ.

నక్క గొంతు సవరించుకుంది. "పెద్దలకి చోటివ్వడం చిన్నవాళ్ళ ధర్మం. మన అడవి సంస్కారం అది."

కొత్తగా పెళ్ళయిన లేళ్ళు తల వంచుకుని దిగాయి. కొండముచ్చుల జంట దిగింది. తెప్ప కాస్త ఊగిందిగానీ ముందుకి పోలేదు. అందరి కళ్ళూ జెముడు, మొగలి మీదికి తిరిగాయి.

"దిగండర్రా. మీకేం, చిన్నవాళ్ళు, ముందు జీవితమంతా ఉంది. ఈసారికి సర్దుకోండి" అంది పల్లేరమ్మ.

"మాకు తోడుగా కదా అత్తా నువ్వు వస్తున్నది?" అన్నాడు జెముడు.

"అవున్రా. మీ కోసమే కదా వెళ్తున్నాను!"

ఇద్దరూ దిగారు. తెప్ప పువ్వులా తేలి సాగిపోయింది. "ఒరేయ్, దుంపలు ఎండబెట్టాను, వానొస్తే లోపల పెట్టండి!" అని పల్లేరమ్మ అరుపు ఒక్కటే అలల మీంచి తిరిగొచ్చింది.

మొగలి తడి ఇసకలో కూలబడి ఏడ్చేసింది. "అడిగింది నేను కదండీ. ఒక్క వారం అడిగాను. ఒక్క మాట వినడానికి అడిగాను." జెముడికి కూడా ఏడుపొచ్చింది గాని, ఇద్దరూ ఏడిస్తే ఓదార్చేదెవరని ఆపుకున్నాడు.

చీకటి పడే వేళకి ఇద్దరూ ఈడ్చుకుంటూ అడవిలోకి వచ్చారు.

అడవిలో ఎవరూ లేరు.

చెట్టు మీద కోతి లేదు. పొదలో కుందేళ్ళు లేవు. అడవిదున్న తాతగారి చోటు ఖాళీగా ఉంది. దూరంగా వాగు ఒడ్డున లేళ్ళ జంట ఒకదాని మెడ మీద ఒకటి తలపెట్టుకుని ఉంది. కొండముచ్చులు కొమ్మ మీద ఊగుతూ కిచకిచ నవ్వుతున్నాయి. జెముడు, మొగలి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

బొరియ ముందు కూర్చున్నారు. ఏం చెయ్యాలో తోచలేదు. అలవాటు కొద్దీ ఇద్దరూ వెనక్కి వెనక్కి తిరిగి చూశారు. చివరికి జెముడు గొంతు సవరించుకున్నాడు.

"మొగలీ, నిన్ను మొదటిసారి చూడగానే నాకు..."

అలవాటుగా ఆగాడు. ఎవరైనా వస్తారని ఎదురుచూశాడు. ఎవరూ రాలేదు. ఇప్పుడిక వాక్యం పూర్తి చెయ్యక తప్పదని అర్థమై చెమటలు పట్టాయి.

"చెప్పండీ!" అంది మొగలి.

"భయమేసింది."

"ఏం?"

"నీ ముళ్ళు నా ముళ్ళకంటే పొడుగు."

మొగలి ఓ క్షణం నిర్ఘాంతపోయింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. పూలు రాలిపోయేలా నవ్వింది, పొట్ట పట్టుకుని దొర్లింది. "నాకూ భయమేసిందండీ" అంది నవ్వు మధ్యలో. "మిమ్మల్ని చూసి కాదు. మీ వెనక నిలబడ్డ పల్లేరత్తని చూసి!"

ఇద్దరూ ముళ్ళు పడుకోబెట్టుకుని దగ్గరగా జరిగి కూర్చున్నారు. ఆ రాత్రి వాన పడింది. దుంపల సంగతి ఎవరికి గుర్తుంటుంది?

ఇక దీవి సంగతి. సింహంగారి ఉపన్యాసం సాగుతుండగా వెనకాల సూర్యుడు అస్తమించాడు, అందరూ ఆయనకేసి చూడాలి కాబట్టి ఎవరూ సూర్యుణ్ణి చూడలేదు. మిణుగురుల వెలుగులో భోజనానికి ఎవరు ముందు కూర్చోవాలన్న తగువు తెల్లారేదాకా తెగలేదు, అప్పటికి మిణుగురులు ఇళ్ళకెళ్ళిపోయాయి. ఎవరు ఆలస్యంగా లేచినా ఎలుగుబంటి వచ్చి కారణం అడిగింది. కొబ్బరికాయలన్నీ కోతులవే అయ్యాయి. పల్లేరమ్మ, మొగలి పినతల్లి పంతాలకి పోయి మాటలు మానేశారు. కొంగ ఒంటికాలి మీద నిలబడే జాగా కూడా లేక ఎగిరిపోయింది.

ఓ సాయంత్రం సింహరాణిగారు ఇసకలో అటూ ఇటూ చూసి, "ఏమండీ, ఇంత పెద్ద దీవిలో మనిద్దరం కూర్చుని మాట్లాడుకునే చోటే లేదా?" అన్నారు. అంతలో తమ్ముడుగారు "ఏంటి బావా విశేషాలు?" అంటూ మధ్యలో వచ్చి కూర్చున్నారు.

వారం గడిచింది. తెప్ప తిరిగొచ్చింది. దిగినవాళ్ళలో ఎవరికీ ఎవరితోనూ మాటల్లేవు. ఒడ్డున మాత్రం కొత్త జంటలు కళకళలాడుతూ నిలబడి ఉన్నాయి.

పల్లేరమ్మ నేరుగా బొరియకి పోయి, "దుంపలన్నీ నాననిచ్చారు కదే!" అని అరిచింది. మొగలి తల వంచుకుంది, నవ్వు కనబడకుండా.

పరిషత్తు సమావేశమైంది. నక్క లేచి, "పథకం ఉద్దేశం కొత్త జంటల అన్యోన్యత. అది ఎలా ఉందో చూస్తేనే తెలుస్తోంది. ఘనవిజయం! వచ్చే ఏడు కూడా జరపాలి!" అంది. చప్పట్లు నీరసంగా మోగాయి.

"వచ్చే ఏడు కూడానా?" అంది పల్లేరమ్మ, నడుం పట్టుకుని. "చచ్చినా రాను. మా వల్ల కాదు బాబూ, ఈసారి పిల్లల్నే పంపించండి."

ఆ మాటకి మొగలి గుండె జారిపోయింది. ఒక్క గెంతున లేచింది.

"అదేం మాట అత్తయ్యా! పెద్దవాళ్ళు, మీరు వెళ్ళకపోతే ఆ దీవికి అందమేది? మేం చిన్నవాళ్ళం, సర్దుకుంటాం. ఈసారి రెండు వారాలు ఉండి రండి. ఊరగాయలు నేను పెట్టిస్తాను."

"తెప్ప మేం కడతాం" అన్నాయి లేళ్ళు. "మేం నెట్టి మరీ సాగనంపుతాం" అన్నాయి కొండముచ్చులు.

పెద్దల కళ్ళు చెమ్మగిల్లాయి. ఎంత బుద్ధిమంతులు, ఎంత త్యాగం అనుకున్నారు. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. వేదిక మీద మాత్రం సింహరాణిగారు సింహంగారి చెవి దగ్గరికి వంగి, "ఈసారి తెప్ప కదలకపోతే ముందుగా మనిద్దరం దిగిపోదామండీ" అన్నారు.

కాబట్టి నీతి ఏమిటంటే, ఏకాంతం కావలసినవాళ్ళు దీవికి వెళ్ళకూడదు, మిగతా అందరినీ పంపించాలి.