పదికి పన్నెండు మార్కుల పొగ

ఒక పెద్ద అడవిలో పులులు, ఏనుగులు, వాగులు, ముళ్ళకంపలు అన్నీ ఉండవలసినట్టే ఉండేవి. ఉండనక్కర్లేనిది ఒక్కటే ఉండేది. దాని పేరు ఉత్తమ చుట్టల రుచి నిర్ణాయక మండలి.

ఏటా ఎండాకాలంలో ఈ మండలి కొండమీది గుహలో కొలువు తీరేది. అడవిలో చుట్టలు చుట్టేవాళ్ళంతా తమ సరుకు తెచ్చేవాళ్ళు. మండలి వాటిని కాల్చి చూసి, ఒకదానికి 'రాజచుట్ట' అని బిరుదిచ్చేది. బిరుదొచ్చినవాడు ఆ ఏడంతా మృగరాజుకు చుట్టలు అందించాలి. రాజుగారి నోటికి చుట్ట అందించేవాడు రాజుగారి చెవికి దగ్గరగా ఉంటాడు. అందుకే ఆ బిరుదంటే అడవిలో అంత పోటీ.

మండలికి అధ్యక్షుడు మృగరాజే. మీసాలు రాని వయసునుంచీ చుట్టలు కాల్చి కాల్చి ఆయన ముక్కు మొద్దుబారిపోయింది. పక్కనే దున్న చచ్చి కుళ్ళుతున్నా ఆయనకు తెలిసేది కాదు. ఇది రాజ్యరహస్యం. అంటే అందరికీ తెలిసిందే, ఎవరూ అననిది.

రెండో సభ్యుడు భల్లూకరావు అనే ఎలుగుబంటి. అడవిలో ఏ పదవి ఖాళీ అయినా ముందు ఈయన పేరే అనుకునేవారు. అగ్నిమాపక మండలికి కూడా ఈయనే పెద్ద. మూతికి ఎప్పుడూ తేనె అంటుకుని ఉండేది కాబట్టి ఏ చుట్ట కాల్చినా కళ్ళు మూసుకుని, "ఆహా, పుట్టతేనె వాసన!" అనేవాడు.

మూడో సభ్యుడు సాంబమూర్తి అనే కొండముచ్చు. ఈయన ఒకసారి రేవు పట్నం వెళ్ళి, హవానా చుట్టలు దిగిన ఖాళీ పెట్టె మీద ఒక పూట నిద్రపోయి వచ్చాడు. అడవిలో ఆమాత్రం చాలు, నిపుణుడైపోయాడు.

మండలికి శాస్త్రం నేర్పింది ఆయనే. వెలిగించకముందు చుట్టను చెవి దగ్గర పెట్టుకుని నలిపి వినాలట. బూడిద రాలకుండా వేలెడు పొడుగు నిలవాలట. అన్నిటికన్నా ముఖ్యం, మూడో దమ్ముతో ఆపెయ్యాలట.

"మూడో దమ్ముతో చుట్ట చచ్చిపోతుంది. చచ్చినదాన్ని రసికుడన్నవాడు నోట పెట్టుకోడు" అనేవాడు సాంబమూర్తి.

అలా చచ్చిన చుట్టల్ని, కొసన నిప్పు కణకణలాడుతూ ఉండగానే, గుహకు తూర్పున ఉన్న కంతలోంచి బయటికి విసిరేసేవారు.

ఆ కంత కింద తూర్పు వాలు. వాలంతా ఎండిన గడ్డి, రాలిన టేకాకులు. ఆ గడ్డిలో సీతాలు అనే కౌజుపిట్ట కాపురం ఉండేది.

ఏటా మండలి కూర్చున్న రోజున సీతాలుకు కాలు నిలిచేది కాదు. పైనుంచి చుట్ట పీక పడగానే పరుగెత్తి, రెండు కాళ్ళతో మట్టి గీరి కప్పేసేది. ఒకటి కప్పేలోపు ఇంకొకటి పడేది. మండలి ఈ అడవికి ఏం ఒరగబెట్టిందో నాకు తెలియదు గానీ, ఇన్నేళ్ళూ అడవి పచ్చగా నిలిచింది ఆ పిట్ట కాళ్ళ వల్ల. ఆ కాళ్ళకు ఎవరూ బిరుదివ్వలేదు.

ఈ ఏడు సీతాలుకు చిక్కొచ్చింది. గడ్డిలో గుడ్లు పెట్టి పొదుగుతోంది. మొదటిసారి పెట్టినవి పాము మింగింది. రెండోసారి పెట్టినవి వానకు కొట్టుకుపోయాయి. ఇవి ఎలాగో నిలిచాయి. చెవి ఆనిస్తే లోపల టుకుటుకుమని చప్పుడు కూడా వినిపిస్తోంది. లేచి పీకల వెంట పరుగెడితే ఉడుము వచ్చి ఊరుకోదు. లేవకపోతే నిప్పు ఊరుకోదు.

అందుకని పోటీకి ముందురోజు గుహకు వెళ్ళి మండలి కార్యదర్శిని కలిసింది. కార్యదర్శి పానకాలు అనే నక్క.

"అయ్యా, ఈ ఒక్క ఏడాదికీ పీకలు పడమటి వైపు పారేయించండయ్యా. అటు వాగుంది, పడితే ఆరిపోతాయి. నేను గుడ్ల మీదున్నాను" అంది సీతాలు.

పానకాలు జాలిగా నవ్వాడు. "సీతాలమ్మా, అవి పీకలని ఎవరన్నారు? రాజుగారి నోట ఎంగిలైన చుట్టలు. ఎంతమంది వాకిట్లో పడతాయి చెప్పు అలాంటివి?"

"నాకా అదృష్టం వద్దయ్యా. ఎవరికైనా ఇచ్చుకోండి."

"పడమటి వైపు రాజుగారి వీపు ఉంటుంది. వీపు వెనక్కి విసరడం మర్యాద కాదు. పోనీ, నీ గుడ్లను పక్కకు జరుపుకోకూడదూ?"

సీతాలు తన రెక్కల వంకా, ఆయన మొహం వంకా చూసి తిరిగి వెళ్ళిపోయింది.

పానకాలుకు ఆ రోజు పిట్టలతో మాట్లాడే తీరిక లేదు. ఆయన బావమరిది బుల్లియ్య అనే దుమ్ములగొండి కూడా పోటీలో ఉన్నాడు. తూర్పు వాలులోనే పానకాలు బొరియ పక్కన పందిరి వేసి, పొగాకు ఆరబెట్టుకుంటున్నాడు. చుట్ట చుట్టమంటే ఆకు నడిమి ఈనె తియ్యడం కూడా రాదు వాడికి. వాడి చుట్ట లాగితే పొగ రాదు, దవడలు నొప్పెడతాయి.

"బావా, బిరుదు రాకపోతే మీ చెల్లెలు నన్ను ఇంట్లోకి రానివ్వనంది" అన్నాడు బుల్లియ్య.

"నోరు మూసుకుని కూర్చో. నేనున్నానుగా" అన్నాడు పానకాలు.

ఆ సాయంత్రం పానకాలు రాజుగారి దగ్గరికెళ్ళి చెవిలో చెప్పాడు. "ప్రభూ, తమకు తెలియనిదేముంది! అయినా ఒక చిన్న ఏర్పాటు. చుట్ట నడుస్తున్నప్పుడు నేను దగ్గితే, అది ఆ నిపుణులిద్దరికీ నచ్చినదని గుర్తు."

తరువాత నిపుణుల దగ్గరికెళ్ళి, ఎవరికి వాళ్ళకే, విడివిడిగా చెప్పాడు. "నేను దగ్గితే అది రాజుగారికి నచ్చినదని గుర్తు."

ముగ్గురూ హాయిగా నిద్రపోయారు. రుచి తనకు తెలియకపోయినా పక్కవాడికి తెలుసన్న నమ్మకం మీదే కదా ఏ మండలి అయినా నడిచేది!

మర్నాడు పోటీ మొదలైంది. నిష్పక్షపాతం కోసం సభ్యుల కళ్ళకు టేకాకులతో గంతలు కట్టారు. గుహ వాకిట్లో సూరప్ప అనే ముళ్ళపందిని కాపలా పెట్టారు. లోపల రుచి నడుస్తున్నంతసేపూ పోటీదారులు తప్ప ఎవరూ లోపలికి పోకూడదని నిబంధన.

మొదటి చుట్ట లంక పొగాకుది. మూడు దమ్ములు లాగి కంతలోంచి విసిరేశారు. భల్లూకరావు పుట్టతేనె అన్నాడు. రెండోది బెల్లపు నీళ్ళు చిలకరించి చుట్టినది. అది కూడా పుట్టతేనే.

మూడో చుట్ట దగ్గర చిన్న పొరపాటు జరిగింది. గంతల వల్ల చూసుకోక సాంబమూర్తి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకున్నాడు. చుయ్యిమంది.

"ఏమిటా చప్పుడు?" అన్నాడు మృగరాజు.

నిపుణుడు నాలిక కాల్చుకున్నానని ఎలా చెబుతాడు? టేకాకు కిందనుంచి నీళ్ళు కారుతుండగా, "అడ్డపొగ, ప్రభూ" అన్నాడు సాంబమూర్తి. "నిప్పు లోపలికి పెట్టుకుని పీల్చడం. సముద్రం ఒడ్డున పండిపోయిన ముసలమ్మలు ఇలాగే కాలుస్తారు. అసలైన రుచి ఇలాగే తెలుస్తుంది."

ఆ ముసలమ్మలు నలభై ఏళ్ళ అలవాటు మీద నాలిక తగలకుండా కాలుస్తారన్న సంగతి ఆయన చెప్పలేదు. ఆయనకు తెలిస్తే కదా!

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేం?" అని మృగరాజు నిప్పు కొస నోట్లో పెట్టుకున్నాడు. రాజుగారు పెట్టుకున్నాక భల్లూకరావు ఊరుకుంటాడా? గుహలో వరసగా రెండుసార్లు చుయ్యిమంది. ముగ్గురూ నాలికలు బయటపెట్టి గాలికి ఆర్చుకున్నారు. తరువాత ముగ్గురూ ఒక్కసారే, "అద్భుతం" అన్నారు, కొంచెం నత్తిగా.

అప్పటినుంచి ఆ ముగ్గురికీ రుచి చెప్పడానికి పానకాలు దగ్గు ఒక్కటే మిగిలింది.

ఆ మూడో చుట్టను మంటకొద్దీ విసురుగా విసిరారు. అది పోయి సీతాలు గూటికి బారెడు దూరంలో పడింది. సీతాలు గుడ్లమీదనుంచి లేవాలా వద్దా అని ఆలోచించింది. ఉడుము పొదచాటున ఉంది. ఆలోచించినంతసేపట్లో గడ్డి అంటుకుంది. పిట్ట లేచి కాళ్ళు ఆడినంతమేరా మట్టి కప్పింది. ఇటు కప్పితే అటు పాకింది. గుడ్లను మొయ్యలేదు. గుడ్లను వదలలేదు. చివరికి ఏడుస్తూ ఎగిరి గుహ వాకిట్లో పడింది.

"సూరప్పన్నా! వాలు అంటుకుంది! లోపల చెప్పు, భల్లూకరావుగారిని పిలు, నా గుడ్లున్నాయక్కడ!"

సూరప్ప చెడ్డవాడు కాదు, ఉద్యోగస్తుడు. "అయ్యో తల్లీ! కానీ భల్లూకరావుగారు లోపల రుచిలో ఉన్నారు. నువ్వు పోటీదారువి కావుగా?"

"కాదన్నా!"

"పోనీ ఒక పని చెయ్యనా? నిన్ను పోటీదారుగా చేర్చుకుంటాను. నీ వంతు రాగానే నువ్వే లోపలికెళ్ళి చెప్పుకో. బుల్లియ్య తరువాత నువ్వే."

"చేర్చుకో అన్నా, ఏదో ఒకటి చెయ్యి!" అని అరిచి, ఆగలేక పిట్ట మళ్ళీ మంటలవైపు ఎగిరిపోయింది.

"సీతాలు, తూర్పు వాలు" అని సూరప్ప గట్టిగా లోపలికి చెప్పాడు. నిబంధన ప్రకారం తన పని తాను చేశానని తృప్తి పడ్డాడు.

సీతాలుకంటే ముందు పొగ లోపలికొచ్చింది. కంతలోంచి తెరలు తెరలుగా దిగింది. అప్పుడే బుల్లియ్య చుట్ట వెలిగించబోతున్న పానకాలు గొంతులోకి ఒక్కసారి పోయింది. ఇంకేముంది, దగ్గు!

ముగ్గురు సభ్యులూ నిటారుగా కూర్చున్నారు.

"నోటికి అందకముందే గుహంతా పరుచుకుంది. చుట్టంటే ఇదీ! హవానాలో కూడా నేను..." అన్నాడు సాంబమూర్తి.

"తొమ్మిది మార్కులు" అన్నాడు మృగరాజు.

పానకాలు కంతలోంచి చూశాడు. మంటలు. తన బొరియ, బుల్లియ్య పందిరి, అన్నీ మంటలే. నిప్పు నిప్పని అరవబోయాడు. అరుపుకు బదులు దగ్గే వచ్చింది.

"మళ్ళీ దగ్గుతున్నాడే! పది" అన్నాడు మృగరాజు.

పానకాలు రాజుగారి కాళ్ళమీద పడి దగ్గాడు. భల్లూకరావుగారి భుజం పట్టుకుని ఊపి దగ్గాడు. కార్యదర్శి ఇంత పట్టుబట్టడం మండలి ఎన్నడూ చూడలేదు.

"పదికి పన్నెండు!" అన్నారు ముగ్గురూ.

"టేకు, వెదురు, ఆపైన తేనె" అన్నాడు అగ్నిమాపక మండలి పెద్ద భల్లూకరావు, ముక్కు ఎగబీలుస్తూ. "ఏదో తేనె కాదు. అచ్చం మా ఇంటి చెట్టుమీది పట్టులా ఉంది." ఆయన జీవితంలో వాసన పట్టి చెప్పిన నిజం ఇదొక్కటే. కాలుతున్నది ఆ పట్టే.

ఇంతలో ఒక నిప్పురవ్వ వచ్చి రాజుగారి జూలుమీద వాలింది. జూలుతో పాటు గంతలూ అంటుకున్నాయి. అప్పటికి మండలికి కళ్ళు తెరుచుకున్నాయి. ముగ్గురూ సూరప్పను తొక్కుకుంటూ పడమటి వాగులో దూకారు. "ఫలితం ఎవరిదండీ?" అని సూరప్ప వెనకనుంచి అడుగుతూనే ఉన్నాడు.

మంట తూర్పు వాలంతా కాల్చి, చుట్టూ ఉన్న రాతిబండలు అడ్డం వస్తే ఆగింది.

మర్నాడు వాగు ఒడ్డున మండలి సమావేశమైంది. నిప్పు ఎలా పుట్టిందన్న మాట ఎవరూ ఎత్తలేదు, ఎత్తితే కంత దాకా పోతుంది కాబట్టి. మార్కులు వేసేశారు, ఇక వెనక్కి తీసుకోకూడదు. ఆ పొగ ఎవరిదని అడిగితే, తూర్పు వాలునుంచి చేరిన పోటీదారు సీతాలు ఒక్కతేనని సూరప్ప చెప్పాడు. పానకాలు ఏదో చెప్పబోయాడు. గొంతు పూడుకుపోయి ఉత్త గాలే వచ్చింది. బుల్లియ్య తన చుట్ట సంగతేమిటని అడిగితే, "అంతటి పొగ చూశాక ఇక గడ్డి కాల్చమంటావా?" అని మృగరాజు కసిరాడు.

మండలి మేళంతో తూర్పు వాలుకు దిగింది.

నల్లటి బూడిదలో సీతాలు కూర్చుని ఉంది. రెక్కల కొసలు కాలిపోయాయి. ఎదుట పగిలిన గుడ్ల పెంకులున్నాయి, నల్లగా. అది వాటికి చెవి ఆనించి వింటోంది. నాకు ఆ చోట నిలబడ్డవాళ్ళెవరిమీదా జాలి లేదు, ఆ పిట్టమీద తప్ప.

సాంబమూర్తి సన్మానపత్రం చదివాడు. "టేకు గాంభీర్యం, వెదురు చురుకుదనం" అంటూ చాలాసేపు చదివాడు. భల్లూకరావు శాలువా కప్పాడు. శాలువా పెద్దది, పిట్ట చిన్నది. పిట్ట కనిపించకుండా పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఇదే రుచి వచ్చే ఏడు కూడా కావాలి. ఉత్తరపు వాలులో గడ్డి బాగా ఎండుతుందా?" అని అడిగాడు మృగరాజు. ఎండుతుందని సూరప్ప చెప్పాడు.

తిరిగి వెళ్ళబోతూ మృగరాజు నోట్లో చుట్ట పెట్టుకుని తడుముకున్నాడు. శాలువా దగ్గరికి వంగాడు.

"అమ్మా సీతాలూ, అంతా బాగానే జరిగింది గానీ, ఇక్కడెక్కడైనా కాస్త నిప్పు మిగిలి ఉందా? చుట్ట ఆరిపోయింది."

శాలువా అంచు కదిలింది. అంచు పక్కనే బూడిదలో ఒక నిప్పు కణిక ఎర్రగా ఉంది. కాలిన రెండు చిన్న కాళ్ళు బయటికొచ్చి, గీరి గీరి, దానిమీద మట్టి కప్పేశాయి.

"లేదు దొరా" అంది సీతాలు లోపలినుంచి.

"చూశారా, బిరుదిచ్చినా విశ్వాసం లేదు" అని మృగరాజు విసుక్కుంటూ కొండెక్కాడు.

నీతి: ఇల్లు కాలి ఏడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాణ్ణి తిట్టకండి, ముందు శాలువా కప్పి ఆ తరువాత అడిగేవాళ్ళకంటే వాడే మర్యాదస్తుడు.