చారానా బిళ్ళల లెక్క

సెలవు రోజు పొద్దున నరహరి వేసుకున్న కార్యక్రమం చిన్నదే. చాయ్ తాగాలి, గడ్డం గీయించుకోవాలి, అన్నం తిని నడుం వాల్చాలి. సూరత్‌లో పాండేసర బట్టల మిల్లులో రోజుకు పన్నెండు గంటలు నిలబడి పనిచేసే మనిషికి ఇంతకంటే పెద్ద కోరికలు ఉండవు.

భార్య భాగ్యలక్ష్మి మాత్రం పొయ్యి పక్కన లెక్కల పుస్తకం తెరుచుకుని దిగులుగా కూర్చుంది. అది పందొమ్మిది వందల తొంభై ఆరు. నవాగామ్‌లో తెలుగు వాళ్ళుండే వాళ్ళ గల్లీ చివర కొత్తగా బాల్వాడీ, చిన్నపిల్లల బడి, పెడుతున్నారు. తెలుగు వచ్చిన టీచరమ్మ కావాలి, పదో తరగతి పాసై ఉండాలి. ఆమె ప్రైవేటుగా రెండుసార్లు పరీక్ష రాసింది, రెండుసార్లూ లెక్కల్లోనే పోయింది. మొదటిసారి తప్పినప్పుడు గల్లీ అంతా ఓదార్చింది. రెండోసారి నవ్వింది. అందుకే ఈసారి ఎవరికీ తెలియకుండా చదువుతోంది. పరీక్ష ఇరవై రోజుల్లోకి వచ్చింది.

"ఏందట?" అన్నాడు నరహరి.

"ఒక సంచిల ఇరవై అయిదు పైసల చారానాలు, యాభై పైసల ఆఠానాలు కలిసి అరవై బిళ్ళలు ఉన్నయట. మొత్తం ఇరవై ఒక్క రూపాయలట. ఏవి ఎన్నో చెప్పాల్నట."

"సంచి విప్పి లెక్కవెడితే అయిపాయె."

"సంచి యాడుందయ్యా? చారానాలు ఎక్స్ అనుకున్న. మరి ఆఠానాలను ఏమనుకోవాలె? ఒక్క అక్షరంతోనే చెయ్యమని పుస్తకంల ఉన్నది."

నరహరికి ఆ పుస్తకం మీద కోపం వచ్చింది. "బిళ్ళలు లేకుండ బిళ్ళల లెక్క ఎట్లొస్తది? జర ఆగు, నేను తెస్త."

"ఎందుకో మాత్రం ఎవ్వలకు చెప్పకు," అంది భాగ్యలక్ష్మి. నరహరి మాట ఇచ్చాడు. మాట ఇస్తే తప్పడు. చిక్కంతా అక్కడే వచ్చింది.

"అంబదాసన్నా, చారానాలు ఎన్నుంటే అన్ని ఇయ్యి," అని చాయ్ దుకాణంలో అడిగాడు.

"గన్ని చారానాలు ఏం జేస్తవే?"

"పనుంది."

"ఏం పని?"

"చెప్పరాదు."

అంబదాస్ పైసలు తీసుకుని ఉన్న పదకొండూ ఇచ్చి, ఆ మనిషి వెళ్ళిన వైపే చూస్తూ నిలబడ్డాడు. పాన్ దుకాణంలో పన్నెండు, కిరాణంలో మరో పదకొండు దొరికాయి. నరహరి మంగలి దగ్గరికి చేరేసరికి అతని కంటే ముందే కబురు చేరింది. అక్కడ కూర్చున్న బిక్షపతి, మిల్లులో నరహరి పక్క మగ్గం వాడే, గొంతు తగ్గించి అడిగాడు.

"ఎవలో శేటు చారానాలు కరగవెడుతుండట గదనే? ఒక్కోటి నలభై పైసలకు కొంటుండట?"

"నాకు తెల్వదు."

"తెల్వకుంటే ఎందుకు ఏరుతున్నవ్?"

నరహరి బిళ్ళలున్న జేబు పట్టుకుని, గడ్డం గీయించుకోకుండానే బయటపడ్డాడు. దాంతో కబురు ఖాయమైపోయింది.

మధ్యాహ్నానికి ఆ గల్లీలో చారానా అనేది కనబడకుండా పోయింది. దుకాణాల వాళ్ళు చిల్లరకు బదులు పిప్పరమెంట్లు చేతిలో పెట్టారు. మూడు గంటలకు నరహరి నడుం వాల్చబోతుండగా వాకిట్లో పదిహేను మంది కనిపించారు. కొందరు అమ్మడానికి వచ్చారు. అంబదాస్ మాత్రం తిరిగి తీసుకోవడానికి వచ్చాడు.

"నా పదకొండు నాకియ్యి, నీ పైసలు నువ్వు తీసుకో. దోస్తువని ఇచ్చిన. నా బిళ్ళలతోని నువ్వు బేరం జేస్తవనుకోలే."

నరహరి ముఖం ఎర్రబడింది. నోరు తెరిచాడు, భార్య వైపు చూశాడు, మూసుకున్నాడు. అతని అవస్థ చూడలేక భాగ్యలక్ష్మే పుస్తకం పట్టుకుని బయటికి వచ్చింది.

"ఏ శేటూ లేడు. నా లెక్క కోసం తెచ్చిండు. మళ్ళ పరీక్ష రాస్తున్న."

ఎవరూ నమ్మలేదు. "లెక్క చెయ్యనీకి బిళ్ళలెందుకు వదినె? మంచిగ కథ జెప్తున్నవ్," అని బిక్షపతి నవ్వాడు.

అప్పుడు కూరగాయలమ్మే వెంకటవ్వ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చి కొంగుముడి చూపించింది. "నిజంగ చదివేదానివైతే గిది చెప్పు బిడ్డా. ఇందుల ఎనభై బిళ్ళలు. అన్ని కలిసి ఇరవై ఆరు రూపాయలు. పొద్దుగాల నా మనుమరాలు లెక్కవెట్టింది. చారానాలెన్నో మరిచిపోయిన."

"ముడి విప్పవ్వా, చూసి చెప్త."

"గింతమంది ముంగట ఎట్ల విప్పుత?"

భాగ్యలక్ష్మి గడప మీద కూర్చుని పెన్సిలు తీసింది. చారానాలు ఎక్స్ అని రాసింది. మళ్ళీ అక్కడే ఆగింది. "చారానాలు ఎక్స్... మరి ఆఠానాలు..." అని గొణుక్కుంది.

వెంకటవ్వకు ఓపిక లేదు. "చారానాలు పోంగ మిగిలినయన్నీ ఆఠానాలే గదనే! నా కొంగుల ఇంకేముంటయ్?"

భాగ్యలక్ష్మి తలెత్తి ఆమెను ఒక్క క్షణం చూసింది. తర్వాత పెన్సిలు ఆగలేదు. మిగిలినవి ఎనభైలో ఎక్స్ పోను. చారానాకు ఇరవై అయిదు పైసలు, ఆఠానాకు యాభై, మొత్తం రెండు వేల ఆరు వందలు. రెండుసార్లు సరిచూసుకుంది.

"చారానాలు యాభై ఆరు. ఆఠానాలు ఇరవై నాలుగు."

వెంకటవ్వ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. బిళ్ళలు ఒక్కొక్కటే నేల మీద పెడుతున్న చప్పుడు చాలాసేపు వినిపించింది. బయటికి వచ్చేసరికి ముడి మునుపటి కంటే గట్టిగా ఉంది.

"యాభై ఆరే," అంది మెల్లగా. "ముడి విప్పకుండనే చూసిందే!"

ఆ తర్వాత శేటు ఊసు ఎవరూ ఎత్తలేదు. బిక్షపతి తల గోక్కుని, "మా బిడ్డకు గూడ గిట్ల జర చెప్పు వదినె," అన్నాడు. అంబదాస్ తన పదకొండు బిళ్ళలు అడగకుండానే, "పరీక్షయినంక ఇద్దువు తీయ్," అని వెళ్ళిపోయాడు.

వాకిలి ఖాళీ అయ్యాక ఆమె పుస్తకంలోని లెక్కను అయిదు నిమిషాల్లో ముగించింది. చారానాలు ముప్పై ఆరు. నరహరి తను తెచ్చినవి చాప మీద పోసి లెక్కపెట్టాడు.

"ముప్పై నాలుగే ఉన్నయ్. ఇంకా రెండు తేవాల్నా?"

"అవసరం లేదు," అంది భాగ్యలక్ష్మి. అలా అనడం ఆమెకు ఎంతో బాగుంది.

ఆ ఏడాది ఆమె లెక్కల్లో నలభై ఒక్క మార్కులతో గట్టెక్కింది, బాల్వాడీలో చేరింది. కానీ ఆ సాయంత్రం ఇంకా ఇరవై రోజుల చదువు మిగిలే ఉంది. ఆమె పేజీ తిప్పి, తర్వాతి లెక్క పైకి చదివింది. అందులో రెండు రైళ్ళు ఎదురెదురుగా వస్తున్నాయి.

మర్నాడు నరహరి, ఈసారి రైళ్ళు ఎక్కడి నుంచి తేవాలో తెలియక, మిల్లులో సూపర్‌వైజరును కలిసి, ఇక నుంచి సెలవు రోజు కూడా పనికి వస్తానని పేరు రాయించుకున్నాడు.