గుడియాత్తం గంజిజెండా సమరము

వానకాలము తప్ప నీరెరుగకపోయినను నదియను బిరుదును విడువని కౌండిన్య తీరమున, వీధి పొడవునా సాగదీసిన పడుగులతోను, కోడికూతకు ముందే మొదలగు మగ్గముల టకటకారావముతోను విరాజిల్లు గుడియాత్తపురమున, తెల్లదొరల యేలుబడి యింకను సాగుచున్న ధాతనామ సంవత్సర పుష్యమాసమున, స్వరాజ్యదినమని దేశమెల్ల జరుపుకొనిన యొక యుదయమున జరిగిన ఘోరసంగ్రామమిది. తీరిక గలవారు కూర్చుండియు, లేనివారు కండెలు చుట్టుచునేయు వినదగును.

ఆ పురమున శంకరలింగమను నేతగాడుండెను. లుంగీలు నేయుటలో నేర్పరి, ఏటేట వీధినాటకమున భీమవేషధారి, కావుననే కోపము వచ్చినచో నోట గ్రాంథికము వచ్చువాడు. కిందటేడు వరకు ఆ వీధిలో నెగురు జెండా వేలూరు నుండి వచ్చెడిది. ఈ యేడు కాంగ్రెసు పెద్దయగు శివప్రకాశము అతని మగ్గము చెంతకు వచ్చి, "మనది నేతగాళ్ల వీధప్పా. జెండా యాడనుంచో తెచ్చేదేమి? నువ్వే నెయ్యి" అనెను.

అంతట నా వీరుడు రాట్నపు నూలు సంపాదించి, కాషాయ శ్వేత హరిత వర్ణముల మూడు పట్టెలు నేసి, కలిపి కుట్టి, నడుమ భార్యయగు పుష్పవతి చేత రాట్నపు బొమ్మ కుట్టించి, జెండా యనునది తడిగుడ్డవలె వ్రేలాడరాదని తలచి, దానిని చిక్కని గంజిలో ముంచెను. తన తలపాగాను సైతము అదే గంజిలో ముంచెను. తెల్లవారగనే తలపాగా చుట్టి, జెండాను అరుగు ముందరి త్రాటిపై ఆరవేసి, మీసము దువ్వుకొనుటకు లోనికేగెను.

ఆ మీసమే కొంప ముంచెను. ఏలయన, ఎదురింటి పచ్చయమ్మ మేక, కరుప్పి యను నామధేయము గలది, కాటుకకొండవంటి మేనును, కొడవళ్లవంటి కొమ్ములును, మునీశ్వరులు సిగ్గుపడు గడ్డమును గలది, రజ్జుచ్ఛేదనదక్ష, సకలపత్రభక్షిణి, గంజివాసనను వీధి కావలినుండి పసిగట్టి, పలుపు త్రెంపుకొని, ముంగాళ్లెత్తి, పతాకపు హరితకోణమును పండ్ల నడుమ నిరికించుకొనెను.

వెలుపలికి వచ్చిన శంకరలింగము అది చూచెను. ఒక్క దుముకున కాషాయపు కొసను పట్టెను. త్రాడు తెగెను. ఇటు భీమబాహువులు, అటు మేకపండ్లు, నడుమ దేశపతాకము. లాగినచో చిరుగును. విడిచినచో అద్దకపు తొట్లనుండి నీలిరంగు పారు బురదకాలువలో పడును. కొట్టినచో మేక పరుగిడును, జెండాయు దానివెంట పరుగిడును. చేయునది లేక అతడు నోరు తెరచెను.

"ఓసీ అజాధమా, నీవు కరచినది అరటాకు గాదు, ముప్పదికోట్ల ప్రజల మానము. దీని నెత్తినందులకు లాఠీదెబ్బలు తిని వేలూరు చెరసాలలో కటికనేలపై పండినవారు గలరు. విడువుము. విడువవేని నీ కొమ్ములను బూరలుగా నూదింతును."

కరుప్పి ప్రత్యుత్తరముగా మరి కొంత గుడ్డను లోనికి తీసికొనెను.

చీపురు చేతబట్టి పచ్చయమ్మ వచ్చెను. "దానికి కాంగ్రెస్సూ తెలీదు, సర్కారూ తెలీదు నాయనా. గంజి తెలుసు. జెండాకి గంజి పెట్టమని ఎవురు చెప్పినారు నీకి?"

"అక్కా, ముందు నీ మేకను పట్టుకో."

"పట్టుకుంటే అది లాగతాది. లాగితే చినుగుతాది. పట్టుకోమంటావా?"

వీధి మొగన తాళముల సవ్వడి వినవచ్చెను. శివప్రకాశము ఊరేగింపుతో వచ్చుచుండెను. ముందుజాగ్రత్తకై వేలూరు జెండా నొకదానిని సంచిలో నుంచుకొని వచ్చుచుండెను. అది తలపునకు రాగానే శంకరలింగము కాషాయపు కొసను మరింత బిగించి పట్టెను. పుట్టి బుద్ధెరిగిన నాటినుండి వేలకొలది లుంగీలు నేసియుండెను గాని, అమ్ముటకు గాక తాను నేసిన మొదటి గుడ్డ యిదియే.

అప్పుడు కరుప్పి ముక్కుపుటములు తన తలపాగా దెసకు అదరుట అతడు గాంచెను. గంజి యక్కడను గలదు. కాని ఆ తలపాగా క్రింద, నాటకమున కిరీటముతోను తక్కిన దినములలో పాగాతోను అతడు కాపాడుకొనుచు వచ్చిన రహస్యము, రాగిచెంబువంటి బట్టతల గలదు. వీధి వీధియంతయు వచ్చుచున్నది. భీముడు ఒక్క నిట్టూర్పు విడిచెను. పిమ్మట దుర్యోధనునికి వంగని యా శిరస్సును మేకకు వంచెను.

కరుప్పి వాసన చూచెను, నోరు తెరచెను, జెండాను వదలి పాగాను పట్టెను. శంకరలింగము వెనుకకు తూలి కాలువలో వెల్లకిల పడెను. ఒడలంతయు నీలిమయమయ్యెను, పైకెత్తిన రెండు చేతులలోని జెండాకు మాత్రము చుక్కయైన నంటలేదు.

శివప్రకాశము వచ్చి నిలిచెను. "తలపాగా యాడప్పా?"

"పచ్చయమ్మక్క మేక కట్టుకోనుండాదన్నా."

"కట్టుకోలే, తింటా ఉండాది" అని పచ్చయమ్మ సవరించెను. ఎవరో నవ్విరి. శంకరలింగము ఎవరని చూడలేదు. పోగు పోగును తడిమి చూచుచుండెను. ఒక్క పోగైనను తెగలేదు. హరితకోణము మాత్రము నాలుగు వ్రేళ్ల మేర ఎంగిలియై యుండెను. పచ్చయమ్మ చెంబుతో నీరు తెచ్చి ఆ మూలను తన చేతులతో కడిగెను. శివప్రకాశము తన సంచిని చంకలోనికి జరుపుకొనెను.

జెండా కొయ్య పైకెక్కెను. కాషాయము రెపరెపలాడెను, తెలుపు రెపరెపలాడెను, గంజి పోయిన పచ్చమూల మాత్రము తడిసి కొయ్యను కరచుకొని యుండెను. జనులు నమస్కరించిరి, బెల్లము పంచుకొనిరి, మగ్గములకు మరలిరి.

"ఎగిరినట్టే లెక్కప్పా, పోదాం రా" అని శివప్రకాశమనెను.

"మూల తెరుచుకోలేదన్నా. మీరు పోండి."

ఎండ ముదిరెను. మేకను కట్టివేసి వచ్చిన పచ్చయమ్మ అతని ప్రక్కన నిలిచెను. "నెత్తి కాలతాది నాయనా. ఎంతసేపుంటావు?"

"ఆరేదాకా."

ఆమె మరి పోలేదు. కొంతవడికి ఏటి యిసుక మీదుగా వేడిగాలి యొకటి వీచెను. కొయ్య నంటిన మూల వణకెను, సడలెను, ఊడి ఫట్టున విచ్చుకొనెను. పచ్చయమ్మ చేతులు వాటంతట నవియే జోడింపబడెను.

ఈ విధమున నీలిరంగు శరీరుడును, నగ్నశిరస్కుడును, అజవిజేతయు నగు శంకరలింగము, దొరల సామ్రాజ్యమునుండి నాలుగు వ్రేళ్ల మేర ఆకాశమును గెలిచి, అన్నము తినుటకు ఇంటికేగెను.