ఊరికి పోతున్నం

"ప్రతి గృహస్థుడూ వేసవిలో విధిగా ప్రకృతిని దర్శించి, సంబంధిత ఫొటోలు జతపరచవలెను!"

మా కాలనీ అధ్యక్షులు సతీశ్ సారు వాట్సాప్ గ్రూపులో చేసిన ప్రకటన ఇది. ఆయన ఒక ఆఫీసులో సూపరింటెండెంటు. ఇంట్లో తుమ్మినా దాని నకలు ఫైల్లో పెట్టుకునే మనిషి! పోయినేడు కాశ్మీరు వెళ్ళివచ్చి, ఇంటింటికీ చిటికెడు కుంకుమపువ్వు పంచారు. ఆనాటి నుంచి ఆయన మాటకు కాలనీలో ఎదురు లేదు.

నా పేరు మార్కండేయ. కామారెడ్డిలో పూజాసామాను దుకాణం. అబద్ధమాడను. చదువు పదో తరగతి దగ్గర ఆగింది కనుక ఫోన్లో టైపు చేయను, నోటితో చెబితే అదే రాసుకుంటుంది. ఆ సాయంత్రం దీపం పెట్టి, దేవుడి ముందే నిలబడి, "ఎండాకాలం సెలవులకు ఊరికి పోతున్నం. దుకాణం నాలుగు దినాలు బంద్" అని గ్రూపులో చెప్పాను. ఊరంటే మా అత్తగారి ఊరు ఎల్లారెడ్డి.

ఫోను ఇలా రాసింది: "ఊటీకి పోతున్నం."

కళ్ళద్దాలు వెతికి పెట్టుకునేలోగా ముప్పై ఒక్క బొటనవేళ్ళు లేచాయి! "మార్కండేయ గారి ఊటీ ప్రతిపాదన పరిశీలించి ఆమోదించడమైనది" అని సతీశ్ సారు రాశారు.

"దిద్దుతవా ఏంది?" నా భార్య వనజ ఉరికొచ్చింది. "దిద్దకు! గిన్నేండ్లకు మనల్ని గుర్తువట్టిండ్రు."

"మరి అబద్ధమైతది గదనే?"

"నువ్వు ఆడినవా? ఫోను ఆడింది."

ఆ ధర్మసూక్ష్మం నాకు నచ్చింది. నచ్చకూడదేమో. కానీ నచ్చింది.

వనజ పేరులో వనం ఉంది కానీ, తులసి ఆకు మీద పురుగు కనబడితే దుకాణం నుంచి నన్ను పిలిపిస్తుంది. ఆ వనమంతా మా అమ్మాయి అనూహ్యకు వచ్చింది. తొమ్మిదేళ్ళు. పిట్ట కనబడితే పేరడుగుతుంది, పువ్వు రాలితే నోటుబుక్కులో అతికిస్తుంది. లకుముకి పిట్ట నీళ్ళలోకి దూకి చేపను పట్టడం కళ్ళారా చూడాలని దాని కోరిక. ఎల్లారెడ్డి పోయినప్పుడు పోచారం చెరువుకు తీసుకుపోతానని మాటిచ్చాను. అందుకని నోటుబుక్కులో ఒక పేజీ ఖాళీగా ఉంచింది.

ప్రయాణ సన్నాహక సమావేశం వంటింట్లో జరిగింది. మొదటి తీర్మానం: పోచారం రద్దు!

"ఎందుకు డాడీ?"

"సెలవుల్ల సగం కామారెడ్డి ఆడనే ఉంటది బిడ్డా. ఎవలన్న చూస్తే?"

"చూస్తే ఏమైతది?"

"మనం ఊటీల ఉన్నం గద!"

పిల్ల నోటుబుక్కు మూసేసింది. ఏడవలేదు. ఏడ్చినా నాకు కొంత తేలిగ్గా ఉండేది.

బయలుదేరే రోజు సతీశ్ సారు మూడు స్వెటర్లు తెచ్చి ఇచ్చారు. "ఊటీకి నేను రెండుసార్లు పోయిన మార్కండేయ గారూ. ఆడి పాయింట్లన్నీ నాకు నోటికస్తయి. ఒక్కటి గూడ ఇడువకుండ్రి!"

కారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాం. కాలనీవాళ్ళు చేతులూపుతుంటే స్వెటర్లు తొడుక్కుని కూర్చున్నాం. బయట నలభై మూడు డిగ్రీలు! ఊటీ దక్షిణాన ఉంటుంది కనుక హైదరాబాదు రోడ్డు పట్టి భిక్కనూరు దాకా పోయి, అక్కడ స్వెటర్లు విప్పి, కామారెడ్డి బయటి నుంచి చుట్టు తిరిగి ఎల్లారెడ్డి చేరాం.

మా అత్తమ్మ ఇంట్లో రెండు రోజులు కిటికీలు మూసుకుని ఊటీలో ఉన్నాం. వనజ చెమట తుడుచుకుంటూ "ఇక్కడ వణుకు పుడుతోంది" అని స్టేటస్ పెట్టింది. అనూహ్య కిటికీ సందులోంచి పిచ్చుకలను లెక్కపెట్టింది.

మూడో రోజు అత్తమ్మ నైవేద్యానికి పరమాన్నం వండుతుంటే, నా పూజాపెట్టెలోంచి కుంకుమపువ్వు తీసి ఇచ్చాను. "కాశ్మీరుది అత్తమ్మా! రెండు రేకలే వెయ్యి."

ఆమె అరచేతిలో నలిపి చూసింది. "గిది కుంకుమపువ్వు ఏంది అల్లుడా? కుసుమ పువ్వు! నా తల్లిగారి జుక్కల్ దిక్కు చేన్లల్ల గిదే ఉంటది."

జుక్కల్! సతీశ్ సారు అత్తగారిదీ జుక్కలే!

అనూహ్య చప్పుడు చేయకుండా నోటుబుక్కు తెచ్చింది. ఒక పేజీలో అవే రేకలు అతికించి ఉన్నాయి. కింద 'కుసుమ' అని రాసి, పోయినేటి తారీఖు వేసింది.

"నీకు అప్పుడే ఎరుకనా?"

"ఎరుకనే. బడి టూర్ల చేన్ల చూసిన."

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే సారుకు సిగ్గయితది డాడీ. మన ఊటీ గూడ నేను ఎవ్వలకు చెప్పలే."

ఏడాది పొడుగునా 'కాశ్మీర కేసరం' అని పలికి స్వామికి సమర్పించాను. స్వామి కూడా దిద్దలేదు! ఆయనకూ ఈ పిల్ల లాగే మా మీద జాలి కలిగిందా? లేక మేమే దిద్దుకుంటామేమోనని ఇన్నాళ్ళూ మా ముఖాలే చూస్తూ కూర్చున్నాడా? ఏమో. పూజాపెట్టె మూసి లేచాను.

"కిటికీలు తెరువుండ్రి," అన్నాను. "పోచారం పోతున్నం."

నేను భయపడ్డంత జనం లేరు. ఉన్నవాళ్ళు మా వైపే చూడలేదు! ఎండకు చెరువు లోపలికి జరిగింది. ఒక మోడు కొమ్మ మీద నీలి రెక్కల లకుముకి పిట్ట కూర్చుని ఉంది. చాలాసేపు కదలలేదు. మేమూ కదలలేదు. ఉన్నట్టుండి రాయి పడ్డట్టు నీళ్ళలో పడి, ముక్కున చేపతో లేచింది! అనూహ్య నా చెయ్యి గిల్లిన గుర్తు సాయంత్రం దాకా ఉంది. దోమలు కుట్టిన సంగతి వనజకు కారెక్కాక గుర్తొచ్చింది. 'పోచారం' అని రాసిన బోర్డు పక్కన అనూహ్యను నిలబెట్టి ఫొటో తీశాను.

ఇల్లు చేరగానే దీపం పెట్టి, ఫోను పట్టుకుని, గట్టిగా చెప్పాను: "మేము ఊటీకి పోలేదు, ఊరికి పోయినం."

ఫోను రాసింది: "మేము ఊటీకి పోలేదు, ఊటీకి పోయినం."

మళ్ళీ బొటనవేళ్ళు!

"ఇటియ్యి డాడీ." అనూహ్య ఫోను లాక్కుని తన వేళ్ళతో టైపు చేసింది: "మేం పోచారం పోయినం. లకుముకి పిట్టను చూసినం." బోర్డు ఫొటో కూడా జతపరిచింది. వనజ కళ్ళు మూసుకుంది.

పది నిమిషాలకు సతీశ్ సారు జవాబు వచ్చింది:

"ఊటీ నందలి పోచారం పాయింటును మేమును రెండు పర్యాయములు సందర్శించి యుంటిమి. చలి విపరీతము. పోవువారు రెండేసి స్వెటర్లు తీసుకొనిపోవలెను!"

దాని కింద ముప్పై ఒక్క బొటనవేళ్ళు లేచాయి.

అనూహ్య నా ముఖం చూసింది. "దిద్దాల్నా డాడీ?"

"వద్దు బిడ్డా," అన్నాను. "సారుకు సిగ్గయితది."